తెగిన చెవిని దాచుకోవద్దు

(మండల సమాఖ్య మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు, అప్పుల లెక్కలు ఇప్పటిదాకా విన్నాం. ఇక మనం బయటికి చెప్పుకోని మాట ఒకటి మాట్లాడుకుందాం. మనలో చెవి తమ్మె సాగిపోయినవాళ్లు, రెండుగా చీలినవాళ్లు చాలామందిమి ఉన్నాం. ఆ చెవిని కొంగుతో కప్పుకుని పెళ్లికి పోతాం. ఫోటో దిగమంటే తల తిప్పుకుంటాం. ఈ వయసులో ఎవరి కోసం బాగుచేయించుకోవాలి అంటాం. మన కోసమే!

తమ్మెలో ఉండేది చర్మం, కొవ్వు మాత్రమే. ఏళ్ల తరబడి బరువు బుట్టలు వేలాడితే రంధ్రం సాగుతుంది. చంకలో బిడ్డ గుంజినా, తువ్వాలు తట్టుకున్నా చీలుతుంది. అమ్మమ్మలు మాటీలు పెట్టుకున్నది అందానికే కాదు, అవి బరువును జుట్టుకు పంచుతాయి. బంగారు కత్తని మెడ కోసుకుంటామా?

పూర్తిగా చీలి మానిపోయిన తమ్మె దానంతట అది అతుక్కోదు. అంచుల మీద చర్మం కప్పేసి ఉంటుంది. ఆ అంచులను పలుచగా కోసి తీసి, రెండింటినీ కలిపి కుట్టాలి. ఇది కొత్త ఫ్యాషనేమీ కాదు, సుశ్రుతుడే తన గ్రంథంలో చెవి తమ్మెలు అతికించే 15 పద్ధతులు చెప్పాడు. ఇప్పుడు ఈ పని ప్లాస్టిక్ సర్జన్లు చేస్తారు. పేరు చూసి భయపడొద్దు, చెవిలో ప్లాస్టిక్ ఏమీ పెట్టరు. చెవి వరకే మత్తు సూది ఇచ్చి కుడతారు, మామూలుగా అదే రోజు ఇంటికి రావచ్చు.

"కోత లేదు, కుట్టు లేదు, మందు రాస్తే అతుక్కుంటుంది" అనేవాళ్ల దగ్గరికి మాత్రం పోవద్దు. ఆ మందుల్లో చర్మాన్ని కాల్చే యాసిడ్ ఉండవచ్చు. పుండు పడితే ఉన్న తమ్మె కూడా పోతుంది.

డాక్టరుతో మూడు మాటలు ముందే చెప్పాలి: షుగర్ ఉంటే, రక్తం పలుచబడే మాత్రలు వేసుకుంటుంటే, పాత గాయాల మచ్చలు గడ్డల్లా ఉబ్బితే. అలా ఉబ్బే ఒంటితీరు ఉంటే చెవి మీద కూడా ఉబ్బవచ్చు.

ఇంటికొచ్చాక డాక్టరు చెప్పేదాకా కుట్లు తడపొద్దు. ఆ చెవి వైపు ఒత్తిగిలి పడుకోవద్దు. పసుపు, సున్నం రాయొద్దు. సాధారణంగా వారం, పది రోజుల్లో కుట్లు తీస్తారు. వాపు, చీము, జ్వరం కనిపిస్తే ఆగకుండా ఆస్పత్రికి పోవాలి. మళ్లీ చెవి కుట్టించుకోవడానికి రెండు మూడు నెలలు ఆగాలి. అదీ మచ్చ మీద కాకుండా పక్కన కుట్టించుకోవాలి. ఆ తర్వాత రోజూ తేలిక దుద్దులు, బుట్టలు పండగ పూటకే. రాత్రి తీసి పడుకోవాలి.

డబ్బు సంగతి. ఇది ప్రాణం మీదికొచ్చే జబ్బు కాదు, కాబట్టి వడ్డీ వ్యాపారి దగ్గరికి పరుగెత్తొద్దు. రెండు చోట్ల ఖర్చు అడిగి, పంట డబ్బు చేతికొచ్చేదాకా ఆగినా నష్టం లేదు. సంఘంలో అప్పు అడిగిన అక్కను చూసి మాత్రం ఎవరూ నవ్వొద్దు. గేదెకు అప్పు రాసిన పుస్తకంలో మనిషి చెవికి ఒక వరుస ఉండదా?

వచ్చే నెల గ్రామ సంఘం సమావేశంలో ఈ విషయాలు చదువురాని అక్కలకు చదివి వినిపించాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.