కుంచె పట్టిన చేతులు

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



కాట్పాడి జంక్షనులో బుకింగు కిటికీ వద్ద కూర్చొను మావంటి వారికి మనుష్యుల ముఖములకన్న ముందు చేతులు కనబడును. వానిలో కొన్ని వంకరపోయిన వేళ్ల చేతులు. అంటు లేదని డాక్టరు వ్రాసి ఇచ్చిన కుష్ఠురోగి పరీక్షకై పోయివచ్చుటకు రైల్వేవారు నూటికి 75 వంతులు రాయితీ ఇత్తురు. ఆ కాగితము చూచి మేము టిక్కెట్టు ఇచ్చుచున్నాము. వెనుక వరుసలోని వారు రెండడుగులు జరుగుట కూడ చూచుచున్నాము. పెద్దరోగమందురు గాని పేరైనా పలుకరు.

ముందు మన ఊరి సంగతి. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు 1946లో డాక్టరు పాల్ బ్రాండుగారు వచ్చినారు. ఈ రోగములో వేళ్లు వాటంతట అవి రాలిపోవనియు, స్పర్శ పోయి, కాలినా తెగినా తెలియక దెబ్బతినుననియు ఆయన చూపినారు. శస్త్రచికిత్సతో ముడుచుకొనిన వేళ్లు తెరిపించినారు. 1955లో మనకు దాపుననే కరిగిరిలో షీఫెలిన్ పరిశోధనాలయము వెలసినది. అయితే చేయి బాగై ఊరికి పోయిన వారు కొందరు తిరిగి వచ్చినారట. చేయి బాగున్నది గనుక భిక్ష పడదు. మచ్చలున్నవి గనుక పని ఇవ్వరు! డాక్టరుగారికి వడ్రంగము కూడ తెలియును. నవజీవ నిలయమను చిన్న పల్లె కట్టించి, కొయ్యబొమ్మలు చేయుట నేర్పించినారు. కొండపల్లి, ఏటికొప్పాక ఎరిగిన మనకు ఆ పనిలోని గౌరవము వేరే చెప్పనక్కరలేదు.

అరక్కోణములో బండి మారి కాంచీపురం మీదుగా పోయినచో చెంగల్పట్టు. దాని దగ్గర భరతపురం కుష్ఠురోగుల కాలనీలో 2005లో ఆస్ట్రియా చిత్రకారుడు వెర్నర్ డోర్నిక్ గారు, మాజీ రాష్ట్రపతి వెంకట్రామన్ గారి కుమార్తె పద్మా వెంకట్రామన్ గారు కలసి 'బిందు' అను చిత్రకళాశాల నెలకొల్పినారు. వేళ్లు పోయిన వారు సైతము కుంచె పట్టినారు. వారి బొమ్మలు విదేశముల ప్రదర్శనలలో అమ్ముడుపోయినవి. వెనుకకు జరుగు జనము బొమ్మ చూచుటకు ముందుకు వచ్చినారు.

బొమ్మ వేసిన రోగము కుదురునని మేమనుట లేదు. దానికి మందులున్నవి, ఆరు నెలలో, సంవత్సరమో మ్రింగవలెను, సర్కారు ఆసుపత్రిలో ఉచితము. కాని మొద్దుబారిన చేతిని కంటితో కాచుకొనవలెనని డాక్టర్లు చెప్పుదురు. బొమ్మ వేయువాని కన్ను చేతిని విడుచునా? ఇంతకాలము దాచుకొనిన చేతిని తానే నలుగురి ముందు పెట్టును. మా దృష్టిలో ఇదే పెద్ద చికిత్స.

మన సంఘము దుప్పట్లు, అరటిపండ్లు పంచుట మంచిదే. కాని దూరమునుండి ఇచ్చి వచ్చుట సులభము. రాబోవు పిల్లల చిత్రలేఖన పోటీనాడు, నయమైన వారిలో బొమ్మ వేయగలవారిని నలుగురిని పిలిచి, పిల్లలతో ఒకే జంపఖానాపై కూర్చుండబెట్టి, అదే గిన్నెలోని పులిహోర వారికిని వడ్డించవలెనని కోరుచున్నాము. నయమైన వారినుండి రోగము అంటదు. మా అబ్బాయి ముందుగా కూర్చుండును.

కార్యవర్గములో ఒకరిద్దరు, పిల్లల తల్లులు ఒప్పుకొందురా అని అడిగినారు. అమ్మలారా, మీరు ఇక్కడనే ఉన్నారు గనుక మిమ్మునే అడుగుచున్నాము.