పాలపళ్ల వయసు, పందెపు పరుగు

రొంపిచెర్లలో గానీ, ఈ పల్నాట మరే ఊళ్లో గానీ ఎడ్ల బండలాగుడు పందెం చూసినవాళ్లకు పళ్ల లెక్క కొత్త కాదు. వయసు తేల్చడానికి గిత్త కింది పెదవి వంచి చూస్తారు. పశువుకి ముందుపళ్లు కింది దవడకే ఉంటాయి, మొత్తం ఎనిమిది. పాలపళ్లు ఊడి మొదటి జత గట్టిపళ్లు రావడానికి రెండేళ్లు దాటుతుంది. అందుకే రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగాలు. లేతవాటికి తేలిక బండ.

హైదరాబాద్ మలక్‌పేట గుర్రప్పందేల్లో మాత్రం వయసు కాగితం మీద నడుస్తుంది. పిల్ల ఏ నెలలో పుట్టినా సరే, మన దేశంలో పందెపు గుర్రాలన్నిటికీ జనవరి 1నే ఏడాది పెరుగుతుంది! ఒక్క పందెమూ గెలవనిదాన్ని మెయిడెన్ అంటారు. రెండు, మూడేళ్ల ఇలాంటి గుర్రాలకు 1000, 1200 మీటర్ల పొట్టి పరుగులు పెడతారు. 1200 మీటర్లంటే ఒక నిమిషం, పైన పది పదిహేను సెకన్లు. అంతే.

అసలు చిక్కు పరుగులో కాదు, బయలుదేరడంలో. ఒళ్లు రాసుకునేంత ఇరుకు ఇనుప గడుల్లో నిలబడాలి. పక్క గడిలో మరో గుర్రం తంతుంటుంది. తలుపులు దడాలున తెరుచుకుంటాయి. అలవాటు లేని పిల్ల బెదిరి ఒక్క క్షణం ఆగిందా, అంత పొట్టి పరుగులో ఆ వెనకబాటు పూడ్చుకోవడం కష్టం. కొత్త కోడెని కాడి కింద నిలబెట్టినవాళ్లకి ఆ బెదురు నేను వర్ణించాలా?