చలినాటి చారు – ఇంటి మాట

(మన సంఘము వారి మార్గశిర మాసపు కుటుంబ సమావేశమున, హోసూరులో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సమావేశమున మాతృభాషను గూర్చి నాలుగు మాటలు చెప్పుడని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. మేము చారును గూర్చి మాటలాడెదమంటిమి. వారు నవ్వి ఊరకుండిరి. ఈ రెండును వేఱు విషయములు కావని, మా మాట ముగియునప్పటికి సభవారు ఒప్పుకొందురని మా నమ్మకము.

మన హోసూరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున నున్నది. మార్గశిర పుష్యములలో తెల్లవారుజామున మంచు దిగి, పొయ్యి దగ్గఱనుండి లేవ బుద్ధిపుట్టదు. ఇట్టి దినములలోనే గడచిన నెల మన ఆదివారపు తెలుగు తరగతిలో పిల్లలను, ‘నిన్నటి రాత్రి ఇంట అన్నములోనికి ఏమి పోసుకొంటిరి?’ అని అడిగి, పలకమీద వ్రాయుమంటిమి. పదునొకండుగురిలో ఏడుగురు ‘రసం’ అని వ్రాసిరి. ముగ్గురు ‘సారు’ అని వ్రాసిరి. ఒక్క చిన్నది మాత్రము ‘చారు’ అని వ్రాసి, తప్పేమోయని చేతితో కప్పుకొన్నది. ‘ఎందుకమ్మా దాచితివి?’ అని అడుగగా, ‘మా అవ్వ మాత్రమే అట్లనును’ అని బదులు చెప్పినది.

రసమనునది మంచి మాట. సారనునది మన చారునకు తోబుట్టువు. ఇరుగుపొరుగు భాషలతో మనకు తగవు లేదు. వారి అన్నము తిని, వారికి మన అన్నము పెట్టి తరతరములుగా ఇచ్చట బ్రదికినవారము. మేము విచారించినది మఱొక సంగతి. ఆ చిన్నది తన ఇంటిమాటను తప్పని తలంచినది. అవ్వతో పోవు మాటయని తలంచినది. దానిని నిలుపుటకు సభలకన్న వంటయిల్లే పెద్ద బడియని మాకు తోచినది. కావున నేడు చలికాలమున ఇంట కాచుకొనదగిన చారులను, కట్టులను, జావలను, పానీయములను మన మాటలలో చెప్పెదము.

మొదట మిరియాల చారు. ఎండుమిరపకాయ మనదేశపుది కాదు. 1498లో వాస్కో డ గామా మలబారు తీరమున దిగిన తరువాత, పోర్చుగీసువారి ఓడలపై అమెరికా ఖండమునుండి వచ్చినది. మిరియమో, ఆ మలబారు కొండలలోనే పుట్టినది. కనుక మన పూర్వులు కారమనగా మిరియమునే ఎరుగుదురు. ఆంగ్లేయుల భోజనపు బల్లలపై ‘ముల్లిగటానీ’ అను పేర వెలసిన సూపునకు ఆ పేరు తమిళుల ‘మిళగు తణ్ణి’, అనగా మిరియపు నీరు, అను మాటనుండియే వచ్చినది.

నలుగురికి చారు కావలెనన్న నిమ్మకాయంత చింతపండును వేడినీట నానవేసి పులుసు తీయవలెను. ఒక చెంచాడు మిరియాలు, ఒక చెంచాడు జీలకఱ్ఱ, నాలుగు వెల్లుల్లి రెబ్బలు రోట కచ్చాపచ్చాగా దంచవలెను. మెత్తని పొడి చేసినచో చారు మడ్డియగును. పులుసులో ఉప్పు, పసుపు, కరివేపాకు వేసి, పచ్చివాసన పోవువఱకు కాచి, తగినన్ని నీళ్ళు చేర్చి, దంచినదానిని వేయవలెను. అటుపిమ్మట చారు తెర్లరాదు. అంచున నురుగు లేచి పొంగునకు వచ్చినంతనే దింపి, నేతితో తిరగబాత పెట్టి మూత వేయవలెను. ఎక్కువ తెర్లినచో సువాసన ఆవిరితో పోయి, ఘాటు మాత్రము మిగులును. తగరపు గిన్నెలో కాచు అలవాటున్నవారు ఒక్క సంగతి మఱువరాదు. తగరము 232 డిగ్రీల వేడికే కరగిపోవును. కావున ముందు పులుసు పోసి, తరువాత పొయ్యి వెలిగించవలెను. సీసము కలిసిన గిన్నెలు ఆరోగ్యమునకు చేటు. నమ్మకమైన చోటనే కొనవలెను.

మిరియము, శొంఠి, మిరపకాయ తిన్నప్పుడు వెచ్చగా నుండుటకు కారణమేమని పిల్లలు అడుగుదురు. మన నాడులలో వేడిని పసిగట్టు గ్రాహకము ఒకటి కలదు. మిరపకాయలోని కాప్సైసిన్ అను పదార్థమును ఆధారముగా గొని డేవిడ్ జూలియస్ అను శాస్త్రజ్ఞుడు దానిని కనుగొనెను. 2021లో ఆయనకును, స్పర్శను గూర్చి పరిశోధించిన ఆర్డెం పటపౌటియన్‌కును వైద్యశాస్త్రమున నోబెల్ బహుమతి లభించినది. మిరియములోని పైపరిన్ కూడ ఆ గ్రాహకమునే తట్టును. అనగా కారము తగిలినప్పుడు నాలుక ‘వేడి’ అని మెదడునకు చెప్పును. పచ్చి అల్లముకన్న శొంఠి ఘాటెక్కువ. ఏలయన అల్లము ఎండునప్పుడు అందలి ఘాటుపదార్థము మఱింత ఘాటైన రూపమునకు మాఱును. అవ్వలు అల్లమునకు, శొంఠికి వేఱువేఱు కొలతలు చెప్పుట ఊరక కాదు.

ఇక ఉలవలు. కన్నడిగులు వీనిని హురళి యందురు, తమిళులు కొళ్ళు అందురు, మరాఠీవారు కుళీథ్ అందురు, ఒడియావారు కొళథ యందురు. బళ్ళారిలో నున్నను, సోలాపురమున నున్నను, బ్రహ్మపురమున నున్నను మన తెలుగింట ఇవి ఉలవలే. వానలేమికి ఓర్చి, ఎఱ్ఱనేలలో పండు ఈ పంట మన ప్రాంతపు బీదరైతునకు నమ్మిన బంటు. 100 గ్రాముల ఉలవలలో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులు కలవు. ఎద్దులకు ఉలవలు ఉడికించి, ఆ నీటిని పారబోయక ఇంటివారు కాచుకొని తాగిరనియు, అదియే ఉలవచారునకు మొదలనియు పెద్దలు చెప్పుదురు.

పావుకిలో ఉలవలలో రాళ్ళు ఏరి, కడిగి, రాత్రి నానబెట్టవలెను. ఉదయమున రెండు లీటర్ల నీటిలో, గింజ వ్రేళ్ళ నడుమ నలుగునంతవఱకు ఉడికించవలెను. కుండలో గంటన్నర పట్టును. కుక్కరులో త్వరగా అగును. నీటిని వడకట్టవలెను; అదియే ఉలవకట్టు. దానిని సన్నని సెగపై సగమునకు మరిగించి, చింతపులుసు, ఉప్పు, ధనియాలపొడి, చిటికెడు బెల్లము చేర్చి, మఱికొంతసేపు ఉంచవలెను. గుప్పెడు ఉడికిన గింజలు నూరి కలిపినచో చిక్కనగును. మిగిలిన గింజలు గుగ్గిళ్ళగును. సంగటిముద్దతో, పైన వెన్నపూసతో తిన్నవారికి చలి గుర్తుండదు.

మార్గశిరము వచ్చినదన్న మన సంతలలో అనపకాయలు కుప్పలు పడును. అనపగింజలను నానబెట్టి, ఒక్కొక్కటి వ్రేళ్ళతో పిదికి పొట్టు తీసినచో పిదికినపప్పు. కోలారు, హోసూరు, చిత్తూరు సీమలకు ఈ కూర సంక్రాంతి గుర్తు. ఆ పప్పుతో కొబ్బరి, ధనియాలు, పచ్చిమిర్చి నూరి పోసి, కొంచెము పలుచగా కాచినది చారుకన్న చిక్కన, కూరకన్న పలుచన. రొట్టెకును, సంగటికిని సరిపోవును. పిదుకుట ఒంటరిగా చేయు పని కాదు. ఇంటిల్లిపాదియు చుట్టు కూర్చుండి పిదుకుదురు. ఆ గంటసేపు ఏ భాషలో కబుర్లు సాగునో, పిల్లలకు ఆ భాష వచ్చును. మాంసము తిను ఇండ్లలో చలిదినములకు మేకకాళ్ళ పులుసు కలదు. నాలుగైదు గంటలు సన్నసెగపై ఉడికి, ఎముకలోని సారము నీటిలో దిగినప్పుడే దానికి రుచి.

రాగులను గూర్చి ఒక మాట. రాయలసీమలోను, మన దిక్కునను రాగులు, ఉత్తరాంధ్రమున చోళ్ళు, తెలంగాణమున తైదలు. ఒకే గింజకు మన భాషలోనే మూడు పేర్లు కలవు. కావున పేరు వేఱైనంత మాత్రమున ఇది తప్పు, అది ఒప్పు అనరాదు. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు మించిన సున్నము, అనగా కాల్షియము, కలదు. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరముగా ప్రకటించిన పిమ్మట పట్టణములవారు దీనిని గాజుసీసాలలో కొనుచున్నారు. మన అవ్వలు గాదెలలో దాచిరి. రెండు పెద్దచెంచాల పిండిని చన్నీళ్ళలో ఉండకట్టకుండ కలిపి, తెర్లు నీటిలో పోయుచు, అడుగంటకుండ కలుపుచు ఏడెనిమిది నిమిషములు కాచినచో జావ. ఉప్పు వేసి, ఆఱిన తరువాత మజ్జిగ కలుపవచ్చును. రాత్రి పులియబెట్టి కాచిన అంబలికి చలికాలమున పులుపు ఆలస్యముగా పట్టును. కుండను పొయ్యిచెంత నుంచవలెను.

సాయంకాలమునకు శొంఠికాపీ. పేరు కాపీయేగాని కాపీగింజ లేకున్నను అగును. 50 గ్రాముల శొంఠి, 100 గ్రాముల ధనియాలు, రెండు చెంచాల మిరియాలు, నాలుగు యాలకులు దోరగా వేచి దంచి డబ్బాలో ఉంచుకొనవలెను. రెండు గ్లాసుల నీటికి ఒక చెంచాడు పొడి వేసి, ముప్పాతికకు మరిగించి, తాటిబెల్లము కలిపి వడకట్టవలెను. తాటిబెల్లములో ఇసుక ఉండును. ముందుగా కరగించి తేర్చుట మేలు. పాలు కావలసినవారు దింపిన తరువాత కలుపవలెను. బెల్లముతో కాచినచో విఱిగిపోవును.

ఇచ్చట కొన్ని హెచ్చరికలు చెప్పక తప్పదు. చారు గొంతును సడలించును, ఆకలి పుట్టించును. జ్వరమునకు మందు కాదు. మూడు దినములు జ్వరము విడువకున్నను, ఆయాసము కలిగినను వైద్యుని చూడవలెను. ఏడాది నిండని బిడ్డకు కషాయములో గాని, వేఱుగా గాని తేనె నాకించరాదు. తేనెలోని ఒక సూక్ష్మజీవి బీజములు ఆ వయస్సువారికి ప్రాణాపాయము కలిగించవచ్చును. మధుమేహమున్నవారికి తాటిబెల్లమును చక్కెరయే. చలియని తలుపులు మూసి, గదిలో బొగ్గుల కుంపటి పెట్టి నిద్రించరాదు; దానినుండి వెలువడు విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు. చలికి సారాయి మంచిదను మాటయు నిజము కాదు. అది చర్మమునకు రక్తమును తెచ్చి వెచ్చదనము తోపించి, ఒంటిలోని వేడిని బయటికి పోగొట్టును.

తుదకు మా మనస్సున నున్న సంగతి. మా వీథిలో ఒక పెద్దమ్మ యుండెడిది. ఆమె ఉలవకట్టు కాచిన దినమున ఆ వాసనకు వీథి మలుపువఱకు తెలియును. ‘కొలత చెప్పు పెద్దమ్మా, వ్రాసికొందుము’ అని మేము పలుమాఱులంటిమి. ‘కొలతేమి నాయనా, చేయికి తెలియును. ఒకనాడు వచ్చి పక్కన కూర్చుండుడు’ అనెడిది. మేము పోలేదు. పని యుండెను, పండుగ యుండెను, వచ్చే వారము చూతమనుకొంటిమి. రెండేండ్ల క్రిందట ఆమె కాలము చేసినది. ఆమె కోడండ్రు బాగుగా వండుదురు. ఆ కట్టు మాత్రము కుదురలేదు. ఆమె ఏ ఆకు వేసెడిదో, దానిని ఏ పేర పిలిచెడిదో నేడు ఎవ్వరికిని తెలియదు. ఇందులో తప్పు మాది.

1956లో 7వ సవరణచే రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పింప ప్రయత్నించవలెనని ప్రభుత్వములకు చెప్పుచున్నది. దానికై మన సంఘము అర్జీలు పెట్టుట మానరాదు. తమిళ విద్యను తప్పనిసరి చేసిన 2006 నాటి చట్టము క్రింద మన పిల్లలు తమిళము నేర్చుచున్నారు. బాగుగా నేర్వవలెను, అది వారు బ్రదుకు నేల భాష. అయితే అవ్వ పక్కన కూర్చుండుటకు ఏ ప్రభుత్వపు ఉత్తరువును అక్కఱలేదు.

కావున మా విన్నపము ఇది. సంక్రాంతిలోపల ప్రతి ఇంటినుండియు ఒక చారో, కట్టో, జావయో పెద్దలు చెప్పినది చెప్పినట్లు, వారి మాటలతోనే, పిల్లలచేత తెలుగున వ్రాయించి తెండు. అక్షరదోషములున్నను తేవచ్చును, మాటను మాత్రము దిద్దవలదు. మీ ఇంట తిరగబాత యన్నచో అట్లే వ్రాయుడు, పోపన్నచో పోపనియే వ్రాయుడు. తెచ్చినవానిని మన పత్రికలో వారమునకొకటిగా వేయుదము.

‘చారు’ అని వ్రాసి చేతితో కప్పుకొన్న చిన్నది నేడు ఈ సభలో ముందువరుసన తన అవ్వ పక్కన కూర్చున్నది. మొదటి కాగితము ఆమెదే కావలెనని మా కోరిక. వెలుపల మన సోదరీమణులు మిరియాల చారు కాచి యుంచిరి. చల్లాఱకమునుపే సెలవు తీసికొనుచున్నాము.