డిస్కు నిండితే రైతు బాకీ పడాలా?

(మండల రైతు సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



మన పక్కనున్న ఒక సొసైటీలో జరిగిన సంగతి మీలో చాలామంది విన్నారు. అప్పుల లెక్కలున్న కంప్యూటర్ రోజూ రాత్రి ఆ లెక్కలకు ఒక నకలు తీసిపెడుతుంది. బ్యాకప్ అంటారు. పాత నకళ్లు ఎవరూ తీసెయ్యలేదు, డిస్కు నిండింది. నిండిన గోదాములో కొత్త బస్తా ఎక్కడ దించుతారు? అప్పట్నుంచి నకలు సగం రాసి ఆగిపోతూ వచ్చింది. ఫైలు పేరుంది, తేదీ ఉంది, లోపల సరుకు లేదు. చివరికి అసలు లెక్కలు రాయడానికే చోటు లేక మిషనే ఆగిపోయింది. పనికొచ్చే ఆఖరి నకలు 40 రోజుల కిందటిది.

ఆ 40 రోజుల్లో అప్పు కట్టినవాళ్లంతా మళ్లీ బాకీదారులయ్యారు. 3 లక్షల దాకా పంట రుణానికి 7 శాతం వడ్డీ, గడువులో కడితే అందులో 3 శాతం రాయితీ. అంటే లక్షకు ఏడాదికి 3 వేలు. అది పోవడమే కాదు, కొత్త అప్పు కూడా పుట్టదు.

పెద్దోళ్లకు ఇలా జరగదనుకోకండి. జపాన్‌లో టయోటా కంపెనీకి 2023 ఆగస్టులో ఇదే అయింది. మెయింటెనెన్స్ చేస్తుంటే డిస్కులో చోటు చాలక సర్వర్లు ఆగాయి. బ్యాకప్ సర్వర్ కూడా అదే వ్యవస్థ మీద ఉండి, అదీ ఆగింది. 29వ తేదీన 14 ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. ఎక్కువ చోటున్న సర్వర్‌కు డేటా మార్చి మర్నాడు నడిపించారు.

ఇక్కడ చోటు కోసం కనబడ్డ ఫైలల్లా చెరపబోతుంటే మనవాళ్లు ఆపించారు. లాగ్ ఫైళ్లు చెత్తలా కనిపిస్తాయి గానీ, ఈమధ్య జమలు తిరిగి రావాలంటే ఒక్కోసారి అవే దిక్కు. ముందు మొత్తం పెద్ద డిస్కులోకి కాపీ చేయించి, ఆఖరి మంచి నకలును వేరే కంప్యూటర్‌లో తెరిపించాం. మిగతాది డే బుక్, రశీదు పుస్తకాల కౌంటర్‌ఫాయిళ్లు చూసి చేత్తో ఎక్కించారు. పదకొండు రోజులు పట్టింది.

అసలు పేచీ అక్కడే వచ్చింది. ఎక్కించిన రోజునే కట్టిన తేదీగా వేస్తున్నారు! మార్చిలో కట్టిన రైతు మేలో కట్టినట్టయితే గడువు దాటినట్టే, రాయితీ గోవిందా. రశీదు మీద ఉన్న తేదీనే వేయాలని అక్కడే కూర్చున్నాం. రెండు రోజుల వాదన తర్వాత ఒప్పుకున్నారు. ఒప్పుకున్నాక కూడా ప్రతి ఖాతా పక్కన కూర్చుని సరిచూశాం.

మీ సొసైటీ మహాజన సభలో కార్యదర్శిని అడగండి: బ్యాకప్ వేరే చోట ఉందా? దాన్ని తెరిచి చూసింది ఎప్పుడు? డిస్కులో ఖాళీ ఎంత? ఉందని నోటితో చెబితే సరిపోదు, మన ముందు తెరిచి చూపించమనండి. కట్టిన ప్రతి రశీదూ జిరాక్స్ తీసుకోండి. సన్న కాగితం మీద అచ్చు ఆర్నెల్లకే చెరిగిపోతోంది.

ఇంకా ముగ్గురి లెక్క తేలలేదు. వాళ్ల దగ్గర రశీదు లేదు, కౌంటర్‌ఫాయిల్ దొరకలేదు. సోమవారం జిల్లా సహకార అధికారి దగ్గరికి వాళ్లతో కలిసి వెళుతున్నాం. వచ్చేవాళ్లు పొద్దున 9 గంటలకు బస్టాండు దగ్గరికి రండి.