ఆరింటికి పిండి, ఏడున్నరకి రొట్టె

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో ఒక విశ్రాంత సీనియర్ అసిస్టెంటు చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద మనం డి.ఎ. బకాయిల గురించి, కమ్యుటేషన్ గురించి, హెల్త్ కార్డుల గురించి ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. ఈసారి రొట్టె చేయడం గురించి మాట్లాడతానంటే మన కార్యదర్శి గారు "రొట్టేనా?" అని రెండుసార్లు అడిగారు. రొట్టేనండి. ముప్ఫై నాలుగేళ్ళు ఫైళ్ళు మోసిన గుమస్తాకి ఈ విషయం ఎందుకు పట్టిందో మొదట మనవి చేస్తాను.

మనం రిటైరయ్యాం. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఎప్పుడు రిటైరయ్యారు? ఏ ప్రభుత్వమూ వారికి ఆ జీవో ఇవ్వలేదు. మా ఆవిడకి ఆరేళ్ళుగా చేతివేళ్ళ కీళ్ళవాతం. పొద్దున్న వంట ఎలాగో చేస్తుంది. సాయంత్రమయ్యేసరికి వేళ్ళు బిగుసుకుపోతాయి, చపాతీ కర్ర పట్టుకోలేదు. అప్పటినుంచి మా ఇంట్లో రాత్రి భోజనం సెక్షను నాకు బదిలీ అయింది.

ఇంకో సంగతి. మన సభ్యులలో భార్యను పోగొట్టుకున్నవారు ఉన్నారు. పిల్లలు దూరదేశాల్లో ఉన్నారు. వారిలో కొందరు రాత్రికి రెండు బిస్కెట్లు తిని, గ్లాసెడు పాలు తాగి పడుకుంటున్నారు. ఆకలి లేక కాదు. ఒక్క ప్రాణానికి పొయ్యి వెలిగించడం ఎందుకులే అని. ఈ "ఎందుకులే" అనే మాట మన వయసులో చాలా ప్రమాదకరమైనదని నా అభిప్రాయం. ఒంట్లో బలం తగ్గడం చాలామందికి ఆ మాటతోనే మొదలవుతుంది. అందుకని ప్రతి పెన్షనరుకీ ఒక్క పూట భోజనమైనా తన చేత్తో తాను తయారు చేసుకోవడం రావాలి. అందుకు తేలికైన వంటకం ఒకటి ఉంది. అదే డిన్నర్ రోల్స్, అంటే రాత్రి భోజనంలో తినే చిన్న మెత్తటి బన్నులు.

ఇవి అమెరికాలో ఇంటింటి వంటకం. మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు చూశాను, భోజనాల బల్ల మీద బుట్టలో గుడ్డ కప్పి వేడివేడిగా పెడతారు, మనం అన్నం గిన్నె పెట్టినట్టు. వీటిలో పేరుమోసిన ఒక రకానికి బోస్టన్ నగరంలో 1855లో ప్రారంభమైన పార్కర్ హౌస్ అనే హోటలు పేరే ఉంది. మనకూ ఇది పూర్తిగా కొత్తదేమీ కాదు. పోర్చుగీసువారు గోవాకి తెచ్చిన రొట్టే నేటి పావ్. అక్కడ ఈస్టు దొరకని రోజుల్లో పిండి పొంగడానికి కల్లు కలిపేవారు. హైదరాబాదులో డబుల్ రొట్టె అన్నా, ఇరానీ హోటల్లో బన్ మస్కా అన్నా ఆ బంధువులే.

మన చిన్నతనంలో బ్రెడ్డు అంటే జ్వరం పథ్యం. పాలలో ముంచి తినిపించేవారు. తరవాత కేంద్ర ప్రభుత్వమే 1965లో మోడరన్ బేకరీస్ సంస్థను పెట్టి రొట్టె అమ్మింది. 2000లో దాన్ని హిందుస్థాన్ లీవరుకి అమ్మేసింది. ప్రభుత్వం చేసిన రొట్టెను ప్రభుత్వోద్యోగి చేయలేడా?

ఇక అసలు విషయానికి వస్తాను. కాగితం, కలం ఉన్నవారు రాసుకోండి. ఇది ఎనిమిది రోల్స్‌కి లెక్క.

మైదా 200 గ్రాములు, గోధుమపిండి 100 గ్రాములు. ఇన్‌స్టంట్ ఈస్టు రెండు చెంచాలు, అంటే టీ చెంచాతో తలకొట్టి. పంచదార ఒక పెద్ద చెంచా. ఉప్పు టీ చెంచాకి కొంచెం తక్కువ, 5 గ్రాములు. వెన్న లేదా నూనె 25 గ్రాములు. పాలు 210 మిల్లీలీటర్లు. పాలు ఒక్కసారే పోసేయకండి, రెండు చెంచాలు ఆపి ఉంచండి. మన కోస్తా గాలిలో పిండి తేమ పీల్చుకుని ఉంటుంది, ఒక్కోరోజు ఆ రెండు చెంచాలూ అక్కరలేదు.

ఈస్టు అంటే మందు కాదు, జీవం ఉన్న సూక్ష్మకణం. పులియడం ఇలాంటి జీవుల పని అని 1850ల చివర లూయీ పాశ్చర్ ప్రయోగాలు చేసి చూపించాడు. అది పిండిలోని చక్కెరను తిని బొగ్గుపులుసు వాయువును వదులుతుంది. గోధుమలోని బంక ఆ గాలిని బుడగల్లా పట్టి ఉంచుతుంది. అదే పొంగు. మన ఇడ్లీపిండి పొంగేది కూడా ఇలా సూక్ష్మజీవుల వల్లనే. కాకపోతే దానికి రాత్రంతా కావాలి, దీనికి గంట చాలు.

ఈస్టు జీవి కనుక వేడి ఎక్కువైతే చచ్చిపోతుంది. పాలు 40 డిగ్రీల దగ్గర, అంటే పసిపిల్లకి పట్టే పాలంత గోరువెచ్చగా ఉండాలి. 60 డిగ్రీలకు ఈస్టు బతకదు. ఇక్కడ ఒక హెచ్చరిక. షుగరు ఏళ్ళతరబడి ఉన్నవారికి వేలి కొసల్లో స్పర్శ తగ్గుతుంది. వేలు ముంచి చూడవద్దు. రెండు చుక్కలు మణికట్టు లోపలివైపు వేసుకుని చూడండి.

సాయంత్రం ఆరింటికి మొదలుపెడదాం. పిండి, ఈస్టు, పంచదార, ఉప్పు ఒక వెడల్పాటి గిన్నెలో కలిపి, గోరువెచ్చని పాలు పోసి గరిటెతో తిప్పండి. పొడిపిండి కనబడకుండా ముద్దయితే చాలు. మూత పెట్టి పది నిమిషాలు వదిలేయండి. మన వయసు వారికి ఈ పది నిమిషాలే కీలకం. పిండి తడి పీల్చుకుని, బంక దానంతట అదే సాగడం మొదలుపెడుతుంది. సగం పిసుకుడు మనం కూర్చుని ఉండగానే అయిపోతుంది. ఫైలు పై అధికారి బల్ల మీద ఉన్నంతసేపు మనం ఏం చేసేవాళ్ళం? టీ తాగేవాళ్ళం. ఇదీ అంతే.

తరవాత వెన్న వేసి ఎనిమిది నిమిషాలు పిసకాలి. నిలబడనక్కరలేదు. భోజనాల బల్ల దగ్గర కుర్చీ వేసుకుని, పళ్ళెంలో పెట్టుకుని చేయండి. వేళ్ళతో కాదు, అరచేతి మడమతో ముందుకు తోసి, మడిచి, మళ్ళీ తోయాలి. మొదట చేతికి అంటుకుంటుంది. కంగారుపడి పొడిపిండి చల్లితే రొట్టె గట్టిపడుతుంది. చేతికి నూనె చుక్క రాసుకోండి చాలు. ముద్ద నున్నగా, చెవి తమ్మె అంత మెత్తగా వస్తే అయినట్టు. మా ఇంట్లో ఈ దశలో ఆడిట్ ఉంటుంది. మా ఆవిడ ఒక వేలితో నొక్కి చూసి, "ఇంకా లొంగలేదండీ" అంటే మరో రెండు నిమిషాలు తప్పదు.

ముద్దను ఎనిమిది భాగాలు చేసి, పూర్ణం బూరెల ఉండల్లా గుండ్రంగా చుట్టండి. నూనె రాసిన ఎనిమిది అంగుళాల గుండ్రటి పళ్ళెంలో చుట్టూ ఏడు, మధ్యలో ఒకటి. ఒకదానికొకటి కొద్ది ఎడంగా పెడితే, పొంగి భుజాలు కలుపుకుంటాయి. అలా కలిసి కాలిన రోల్ పక్కలు మెత్తగా ఉంటాయి. తడిగుడ్డ కప్పి అరగంట ఉంచండి. ఎండాకాలం ఇరవై నిమిషాలు చాలు, సంక్రాంతి చలికి నలభై పట్టవచ్చు. గడియారం కంటె పిండి మాట నమ్మండి. తడివేలితో మెల్లగా నొక్కితే గుంట నెమ్మదిగా సగం పూడాలి. గబుక్కున పూడితే ఇంకా ఆగాలి. అసలు పూడకపోతే ఆలస్యమైనట్టు, వెంటనే కాల్చాలి.

పైన పాలు రాసి, ముందుగా పది నిమిషాలు వేడి చేసిన ఓ.టి.జి.లో 190 డిగ్రీల దగ్గర 18 నుంచి 20 నిమిషాలు కాల్చండి. పైన గోధుమరంగు వచ్చి, అడుగున తట్టితే డొల్లగా శబ్దం రావాలి. పళ్ళెం తీసేటప్పుడు మందపాటి పొడిగుడ్డ పట్టండి. తడిగుడ్డ వేడిని చేతికి చేరవేస్తుంది. తీయగానే పైన వెన్న రాసి, శుభ్రమైన గుడ్డ కప్పి పది నిమిషాలు ఉంచితే ఆ ఆవిరికి పై పొర మెత్తబడుతుంది. కట్టుడు పళ్ళవారికి ఇది ముఖ్యం. ఏడున్నరకి భోజనానికి కూర్చోవచ్చు. ఈ గంటన్నరలో మన చేతికి పని పాతిక నిమిషాలు మించదు.

ఓ.టి.జి. లేనివారు నిరాశ పడవద్దు. మందపాటి అడుగున్న పాత గిన్నెలో అర అంగుళం ఇసుక లేదా కల్లుప్పు పోసి, పైన స్టాండు పెట్టి, మూత వేసి పది నిమిషాలు మధ్య మంట మీద వేడి చేయండి. అందులో పళ్ళెం దించి, మూత పెట్టి, సన్న మంట మీద పాతిక ముప్ఫై నిమిషాలు. మన దిబ్బరొట్టె కూడా మూత కింద సన్న సెగనే కదా కాలేది! పైన రంగు రాకపోతే పెనం మీద ఒక నిమిషం బోర్లించండి. నాన్‌స్టిక్ గిన్నె మాత్రం ఈ పనికి వాడకూడదు.

రొట్టె సరిగా రాకపోవడానికి కారణాలు సాధారణంగా మూడు. పాలు మరీ వేడిగా పోయడం, గడువు తీరిన ఈస్టు వాడడం, పొంగకముందే తొందరపడి కాల్చడం. ఈస్టు పొట్లం విప్పాక గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో ఉంచండి. అనుమానం ఉంటే చిటికెడు పంచదార కలిపిన గోరువెచ్చని పాలలో వేసి పది నిమిషాలు చూడండి. నురగ కడితే బతికి ఉన్నట్టు. దానికీ మనలాగే లైఫ్ సర్టిఫికెట్ కావాలి.

"మైదా మంచిది కాదు కదా?" అని మీరు అడుగుతారు. నిజమే. నేను దీన్ని పథ్యం అనడం లేదు. ఒక్కో రోల్‌లో సుమారు 38 గ్రాముల పిండి ఉంటుంది. అంటే మామూలు చపాతీ కంటె కొంచెం ఎక్కువే. షుగరు ఉన్నవారు డాక్టరు గారు చెప్పిన చపాతీల లెక్కలోనే దీన్ని జమకట్టుకోవాలి, అదనం అనుకోకూడదు. ఒక రోల్, దానితో గిన్నెడు ముద్దపప్పు గానీ, ఆకుకూర పప్పు గానీ, వంకాయ కూర గానీ తింటే భోజనం నిండుగా ఉంటుంది. టమాటా చారులో ముంచుకు తింటే అదో రుచి. ఉప్పు రోల్‌కి 0.6 గ్రాములు పడుతుంది. రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. కనుక బి.పి. ఉన్నవారు ఆ పూట ఊరగాయ మానుకోండి. ఇంటి రొట్టెలో ఏం వేశామో మనకి తెలుసు. బజారు రొట్టె పిండిలో కలిపే పొటాషియం బ్రోమేటును మన దేశంలో 2016లో నిషేధించే వరకు, ఆ పేరు మనలో ఎంతమంది విన్నాం?

మిగిలిన రోల్స్ మర్నాటికి డబ్బాలో ఉంచండి. మామూలు ఫ్రిజ్ అరలో పెడితే ఇంకా త్వరగా గట్టిపడతాయి. ఎక్కువ రోజులు ఉంచాలంటే డీప్ ఫ్రీజర్‌లో పెట్టాలి. తినేముందు ఇడ్లీ పాత్రలో రెండు నిమిషాలు ఆవిరి పట్టిస్తే మళ్ళీ దూదిలా అవుతాయి.

చివరిగా ఒక మాట. ఎనిమిది రోల్స్ అని లెక్క ఇచ్చాను. ఒక్కరే ఉండేవారు "నాకు ఎనిమిది ఎందుకు?" అనుకోవచ్చు. సగానికి తగ్గించుకోవచ్చు, తప్పేమీ లేదు. కానీ తగ్గించవద్దని నా మనవి. ఇద్దరికి నాలుగు చాలు. తక్కిన నాలుగూ పక్కింటికో, పై వాటా పెద్దాయనకో వెళ్ళాలి. మా వీధిలో మన సభ్యుడు ఒకాయన ఒంటరిగా ఉంటారు. ప్రతి గురువారం మా ఇంట్లో రోల్స్ కాల్చే రోజు ఆయన పప్పుగిన్నె పట్టుకుని వస్తారు. పప్పు ఆయన చేసిందే. మేం ముగ్గురం కూర్చుని తింటాం. పోయినవారి గురించీ, రాని అరియర్సు గురించీ మాట్లాడుకుంటాం. ఆ రాత్రి ఆయన బిస్కెట్లతో సరిపెట్టుకోరు. మా ఆవిడ వేళ్ళకి విశ్రాంతి. నాకు చేతినిండా పని. ఇంతకంటె పెద్ద ప్రయోజనాన్ని నేను ఈ రొట్టెకి ఆపాదించడం లేదు.

వచ్చే నెల సమావేశానికి ఒక్కొక్కరూ ఈ వంటకాన్ని ఒకసారైనా చేసి చూసి రావాలని, ఆ పూట ఒంటరిగా ఉన్న సభ్యుణ్ణి ఒకరిని భోజనానికి పిలవాలని ప్రతిపాదిస్తున్నాను. ఈ ప్రతిపాదనకు సంతకాలు అక్కరలేదు. మూడు గుప్పెళ్ళ పిండి చాలు.