పనిముట్ల వెల, పనివాని లెక్క



మహాశయులారా! విద్యనుగూర్చిగాని, సంఘైక్యమునుగూర్చిగాని నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. ఆ రెండింటినిగూర్చి ప్రతిసంవత్సరము వినుచునేయున్నాము. కావున ఈ పర్యాయము వడ్రంగపు పనిలోనున్న మన యువకులు మమ్ము తరచుగా నడుగు ప్రశ్ననే విషయముగా గైకొంటిమి. "పంతులుగారూ, వెలహెచ్చు పనిముట్లు కొనుట లాభమా, నష్టమా?" యనునదే యా ప్రశ్న. మేము బడిపిల్లలకు అక్షరములు దిద్దించి జీవించినవారమేగాని ఉలిపట్టి బ్రతికినవారము గాము. అయినను మా తండ్రిగారు వడ్రంగులు. సానరాయిపై నీళ్లు చల్లుటయు, రంపము రెండవకొన పట్టుకొనుటయు బాల్యమున మాకు నిత్యకృత్యములు. ఆ సంస్కారముచేతను, కొంత లెక్కల పరిచయముచేతను ఈ సాహసమునకు పూనుకొనుచున్నాము.

మొదట ఒక చిన్న శబ్దవిచారము. అమరసింహుడు తన కోశమున ద్వితీయకాండమునందు వడ్రంగికి తక్షుడు, వర్ధకి, త్వష్ట, రథకారుడు మున్నగు పేర్లు చెప్పి, పిమ్మట రెండు తెగలను వేరుపరచెను. గ్రామమునకు అధీనుడై పనిచేయువాడు గ్రామతక్షుడు. ఎవరికిని అధీనుడుగాక తన యింట స్వతంత్రముగా పనిచేయువాడు కౌటతక్షుడు. పాణిని సైతము ఈ రెండు పదములకొరకు ప్రత్యేకముగా నొక సూత్రము చేసెను. రంపమునకు కరపత్రమను పేరును ఆ కోశముననే కలదు. నేడు కరపత్రమనగా వీధులలో పంచిపెట్టు కాగితము. మాట యర్థము మారినట్లే దానిని పట్టినవాని స్థితియు మారినది.

మన తాతలు గ్రామతక్షులు. రైతునకు నాగలి, గుంటక, బండి చేసియిచ్చి, విరిగినదానిని బాగుచేసి, పంటకాలమున కళ్లమువద్ద మేరగింజలు తెచ్చుకొనెడివారు. ఉలి మొద్దుబారినచో ప్రక్కయింటి కమ్మరి కొలిమిలో కాచి సాగగొట్టి యిచ్చెడివాడు. బాడిసకు పిడి తామే చెక్కుకొనెడివారు. పనిముట్టు ఖర్చు ఊరి యేర్పాటులోనే యిమిడియుండెను. ట్రాక్టరు వచ్చినపిదప నాగలి మూలబడెను. మేరయు చాలయూళ్లలో నిలిచిపోయెను. నేడు మన యువకుడు తలుపులు, కిటికీలు, మంచములు, బీరువాలు గుత్తకు చేయుచు, పట్టణమునుండి వచ్చు కర్మాగారపు తలుపుతో పోటీపడుచున్నాడు. అతడు పూర్తిగా కౌటతక్షుడయ్యెను. స్వాతంత్ర్యము వచ్చినది, దానితోపాటు ప్రతి పనిముట్టు వెలయు అతని జేబుమీదనే పడినది. కాబట్టి లెక్క నేర్చుకొననిదే యీ స్వాతంత్ర్యము నిలువదు.

ఇక ప్రశ్నకు వత్తము. పనిముట్టు వెలలో మూడు భాగములుండును. ఒకటి ఉక్కు మేలిమి, రెండవది తయారీలోని నిక్కచ్చితనము, మూడవది పేరు. మొదటి రెండింటికి రూపాయి యిచ్చుట న్యాయము. మూడవదానికిచ్చునది అలంకారవ్యయము. అమెరికాలో స్టాన్లీ సంస్థ 1869లో బెయిలీ యనువాని చిత్రిక హక్కులను కొని, ఇనుప చిత్రికలను లోకమంతట వ్యాపింపజేసెను. 1981లో ఆ దేశముననే మొదలయిన లీ-నీల్సన్ వారి చిత్రిక వెల నేడు మన రూపాయలలో ఇరువదివేలకు మించును. దాని అడుగుభాగము సమముగా నుండును. అలుగు మందముగానుండి పనిలో కంపింపదు. ఆ గుణములు నిజమైనవే. కాని జపాను వడ్రంగులను చూడుడు. వారి చిత్రిక దిమ్మ కొయ్యది. ధనమంతయు అలుగుమీదను, సానరాళ్లమీదను వెచ్చింతురు. ఆ అలుగునకు మెత్తని యినుముపై గట్టి ఉక్కు పొరను అతుకుదురు. మన కమ్మరి గొడ్డలి నోటికి ఉక్కు పెట్టుటలోని కిటుకును ఇదియే. మన వడ్రంగియు గట్టి చేవకొయ్యతో దిమ్మను తానే చేసికొనగలడు. కొనవలసినది మంచి అలుగుమాత్రమే.

ఒక లెక్క చూతము. మూడువందల రూపాయల ఉలి యొకటి, పదునైదువందల ఉలి యొకటి యనుకొందము. మన యడవుల టేకులో ఇసుకజాతి పదార్థమగు సిలికా యుండుటచేత ఉలినోరు త్వరగా మొద్దుబారును. చౌక ఉలికి దినమునకు అరగంటసేపు అధికముగా సానపట్టవలసివచ్చుననియు, ఎనిమిదిగంటల పనికి కూలి ఎనిమిదివందల రూపాయలనియు అనుకొన్నచో, అరగంట విలువ ఏబది రూపాయలు. రెండు ఉలుల వెలలోని భేదము పన్నెండువందలు. ఇరువదినాలుగు పనిదినములలో ఆ భేదము తీరిపోవును. ఆ మీదట ప్రతిదినమును లాభమే. నిత్యము చేతబట్టు ఉలి, రంపము, చిత్రిక అలుగు, మూలమట్టము, సానరాయి యను నీ యైదింటియెడ పిసినారితనము కూడదని మా నిశ్చయము. వంకర మూలమట్టము ఇల్లంతటి తలుపులను వంకర చేయగలదు.

అయితే ఉక్కు ఎంత మంచిదైనను, దానిని కాపాడు చేయి లేనిచో ఆ వెల వృథా. కరెంటు సానచక్రముపై తొందరగా నొత్తిపట్టినచో ఉలినోరు వేడెక్కి నీలివర్ణము తిరుగును. అంతటితో ఆ భాగపు గట్టిదనము పోయినదన్నమాట. పదునైదువందల ఉలి యొక్క నిమిషములో మూడువందల ఉలికంటె హీనమగును. నీళ్లలో ముంచుచు మెల్లగా పట్టుటయు, చివరకు రాతిమీద దిద్దుటయు నేర్చినవాడే వెలహెచ్చు ఉలి కొనదగినవాడు. నేర్వనివాడు కొన్నచో ఆడలేనమ్మ మద్దెల ఓడన్న సామెతయే గతి. జనగామ చెంత పెంబర్తిలో ఇత్తడి రేకుపై బొమ్మలు తీర్చు మన సోదరుల నైపుణ్యమునకు భౌగోళిక గుర్తింపు లభించినది. వారి చేతిలోనున్నవి సుత్తియు, చిన్న చిన్న ఉలులును మాత్రమేగదా!

యంత్రముల మాట వేరు. చెక్కను ఒకే మందమునకు చిత్రికపట్టు యంత్రమునకు అరువదివేలు వెలయనుకొందము. సంవత్సరమున ఇరువది దినములే దానితో పనియున్నచో, దినమునకు మూడువందల చొప్పున అద్దెకు తెచ్చినను ఆరువేలు చాలును. అరువదివేలు నూటికి పన్నెండు వడ్డీకి తెచ్చినచో ఏటికి వడ్డీయే ఏడువేల రెండువందలు. అనగా వడ్డీయొక్కటే అద్దెను మించుచున్నది. అసలు తీరు దారియేలేదు. అదే యంత్రమునకు ఏటికి రెండువందల దినములు పనియున్నచో అద్దెయే అరువదివేలగును. అప్పుడు కొననివాడే నష్టపడును. కాబట్టి అంగడికి పోవుటకు ముందు "ఇది యెంత?" యని గాక, "ఇది నాకు ఏటికెన్ని దినములు పనిచేయును?" అని ప్రశ్నించుకొనవలెను.

ఈ లెక్క నేడు మిక్కిలి యవసరము. 2023 సెప్టెంబరు 17న, విశ్వకర్మ జయంతినాడు, కేంద్రప్రభుత్వము ప్రారంభించిన పీ.ఎం. విశ్వకర్మ పథకమున వడ్రంగము, కమ్మరము మున్నగు పదునెనిమిది వృత్తులవారికి పనిముట్లకై పదునైదువేల రూపాయల సహాయమును, నూటికి అయిదు వడ్డీపై మొదట లక్ష, తరువాత రెండులక్షల ఋణమును ఏర్పరచిరి. పదునైదువేలు ఉచితముగావున మనము పైన చెప్పిన అయిదు వస్తువులకు వినియోగించుట ఉత్తమము. లక్షరూపాయలు ఉచితము గాదు. దానిని పదునెనిమిది నెలలలో తీర్చవలెను. అసలే నెలకు అయిదువేల అయిదువందల రూపాయలు దాటును. వానకాలమున ఇండ్లపని మందగించిన నెలలోను ఆ కిస్తు ఆగదు. యంత్రమును చూచి నలుగురు మెచ్చుకొందురని అప్పుచేసి, కిస్తు కట్టలేక, తుదకు ఆ యంత్రమును సగము ధరకమ్మి పట్టణమునకు కూలికి పోవువాడు ధనమునే గాక వృత్తిని గూడ పోగొట్టుకొనును. మా భయమంతయు అదియే. ఉలి పోయిన మరల కొనవచ్చును. వృత్తి విడిచినవాని కుమారుడు ఉలి పట్టడు.

కావున సంఘమువారికి మూడు విన్నపములు. మొదటిది: సంవత్సరమున కొలదిదినములే అక్కరపడు యంత్రములను జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి పట్టణములలో సంఘము తరఫున కొని, స్వల్పపు అద్దెకు సభ్యులకిచ్చు ఏర్పాటు చేయవలెను. ఒక్కనికి భారమైనది నలువదిమందికి తేలిక. రెండవది: పదును పెట్టుటను, పనిముట్లు కాపాడుటను నేర్పుటకు వృద్ధులైన పనివారిచేత మాసమున కొకదినము పాఠము చెప్పింపవలెను. వారు జీవించియున్నప్పుడే యిది జరుగవలెను. మూడవది: మిగిలిన కొలుములను నిలుపవలెను. మన సంప్రదాయమున మనువు ఇనుమునకును, మయుడు కొయ్యకును మూలపురుషులు. మనువు చేసిన ఉలి మయుని చేతికి రావలెను. లారీ కమాను పట్టీ ముక్కనుండి నేర్పరియైన కమ్మరి పనికివచ్చు ఉలి తీయగలడు. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రము ఉక్కుకై పారసీక వర్తకులు వచ్చెడివారని 19వ శతాబ్ది ప్రథమపాదమున ఆ గ్రామమును దర్శించిన వాయిసీ దొర వ్రాసియున్నాడు. అట్టి దేశమున కమ్మరి కొలిమి చల్లారి, వడ్రంగి ప్రతి ఉలికిని పరదేశపు పేరును వెదకవలసివచ్చుట మనకు శోభింపదు.

యువకులారా! వెలహెచ్చు పనిముట్టు మంచిదా యని మీరడిగితిరి. నిత్యము చేతనుండి, నీచేత పదును నిలుపుకొని, తన వెలను తానే సంపాదించిపెట్టునది ఎంత వెలయైనను చౌకయే. గోడకు వ్రేలాడి వడ్డీ పెంచునది ఎంత చౌకయైనను దుబారాయే. సంఘాధికారులు మా విన్నపములలో అద్దె యంత్రముల విషయమునైనను ఈ సభలోనే తీర్మానింప ప్రార్థించుచున్నాము.