ఉటురుంకు: ఉబ్బుతున్న కొండ
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



అగ్నిపర్వతములను గూర్చి చెప్పవలసి వచ్చినపుడు మన సోలాపురం నేలతోనే మొదలు పెట్టవచ్చును. మన కాళ్ల క్రింది నల్లరాయి లావాయే. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల నాడు నేల పగుళ్ల నుండి వెలువడి, పలుచగా పారి, పొరలు పొరలుగా గడ్డకట్టినది. ఆ కథ ముగిసినది. ముగిసినదో లేదో తేలక ఇరవై యేండ్లకు పైగా శాస్త్రజ్ఞులను కలవరపెట్టిన కొండ వేరొకటి ఉన్నది. దానిని గూర్చి మనవి చేస్తాను.

దక్షిణ అమెరికాలో, బొలీవియా దేశపు నైరుతి మూలన, ఆండీస్ పర్వతాలలో 6,008 మీటర్ల ఎత్తున నిలిచినది ఉటురుంకు. చెట్టు చేమ అరుదుగా ఉండే చలి పీఠభూమి అది. దాపున ఉన్న ఊరు కెటేనా చికో అనే చిన్న పల్లె. అక్కడివారు లామాలను మేపుకొని జీవిస్తారు. ఒకప్పుడు ఈ కొండపై గంధకం త్రవ్వేవారు. శిఖరానికి దిగువన నేటికీ ఆవిరి చిమ్మే రంధ్రాలున్నవి.

పసిఫిక్ సముద్రపు అడుగున ఉన్న నాజ్కా ఫలకం ఆ ఖండం క్రిందికి దూరుతున్నది. లోతుకు పోయిన కొద్దీ దానిలోని నీరు విడుదలై పైనున్న వేడి శిలలో చేరుతుంది. నీరు చేరిన శిల తక్కువ వేడిమికే కరుగుతుంది. అట్లు పుట్టిన ద్రవం మందమైన భూపటలంలో నిలిచి, సిలికా పెరిగి, చిక్కబడుతుంది. మన దక్కను లావా నూనెవలె పారినదనుకుంటే, ఉటురుంకు లావా ముదురు పాకం. ఆ రాయిని డేసైట్ అంటారు. అది సుమారు 10 లక్షల ఏండ్ల క్రితం వెలువడ నారంభించి, రెండున్నర లక్షల ఏండ్ల క్రితం ఆగిపోయినది.

కొండ చల్లారినదనే అనుకున్నారు. 1992 నుండి ఉపగ్రహ రాడార్లు తీసిన చిత్రాలను పోల్చి చూచి, ప్రిచర్డ్, సైమన్స్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 2002లో ఒక వింత ప్రకటించారు. కొండ చుట్టూ సుమారు 70 కిలోమీటర్ల వెడల్పున నేల ఏటా సెంటీమీటరు, అంతకు కొంచెం పైగా లేస్తున్నది! ఆ వలయానికి వెలుపలి నేల క్రుంగుతున్నదని తరువాత తేలినది. అంచు వెడల్పైన టోపీ ఆకారం అది. అడుగున పది ఇరవై కిలోమీటర్ల లోతున, భూపటలంలో మనకు తెలిసిన వాటిలో అతి పెద్దదైన శిలాద్రవ రాశి పరచుకొని ఉన్నది. అది ద్రవపు చెరువు కాదు. తడిసిన ఇసుకవలె ఘనశిల నడుమ ద్రవం నిండినది. 2010 ఫిబ్రవరిలో చిలీలో 8.8 తీవ్రత గల భూకంపం వచ్చినపుడు ఈ కొండ క్రింద చిన్న ప్రకంపనలు పెచ్చుపెరిగినవి.

పత్రికలు దీనికి బ్రతికిన శవమని అర్థం వచ్చే 'జాంబీ' పేరు పెట్టినవి. నాకా పేరు నచ్చదు. అయితే భయం అకారణం కాదు. కొలంబియాలోని నెవాడో దెల్ రూయిజ్ 1985 నవంబరు 13న ప్రేలి, శిఖరపు మంచును కరిగించగా, ఆ బురద వెల్లువ రెండున్నర గంటలలో ఆర్మెరో పట్టణాన్ని ముంచినది. దాదాపు 23,000 మంది మరణించారు. ప్రమాద ప్రాంతాల పటం నెల ముందే సిద్ధమైనది. ఊరు మాత్రం ఖాళీ కాలేదు.

మరి ఉటురుంకు మాటేమి? చుట్టుప్రక్కల పురాతన సరస్సుల ఒడ్డుగీతలను కొలిచినవారికి అవి వంగినట్లు కనిపించలేదు. వేల యేండ్లుగా ఇదే వేగాన ఉబ్బి ఉంటే ఒరగక తప్పదు. అనగా ఈ ఉబ్బు ఇటీవలిదైనా కావాలి, లేచి క్రుంగేదైనా కావాలి. 2025లో చైనా, బ్రిటన్, అమెరికా పరిశోధకులు 1,700కు పైగా చిన్న భూకంపాల తరంగాలను పరిశీలించి కొండ లోపలి చిత్రం గీశారు. పైకి ప్రాకుతున్నది ప్రధానంగా వేడి నీరు, వాయువులు. అవి శిఖరం క్రింద చేరుతున్నవి. మూతపెట్టిన ఎసరు మరుగుతున్నదన్న మాట. సమీప కాలంలో శిలాద్రవం ఎగజిమ్మే అవకాశం తక్కువని వారి నిర్ణయం. ఆవిరి ఒక్కటే ప్రేలినా దగ్గరివారికి ముప్పే గనుక, తక్కువన్న మాటను లేదని వినరాదు.

ఈ పద్ధతినే ఇతర కొండలకు వర్తింపజేసి, ఏది ఆవిరితో ఉబ్బుతున్నదో, ఏది శిలాద్రవంతో ఉబ్బుతున్నదో వేరు చేయవచ్చునని వారు ఆశిస్తున్నారు. రూయిజ్ వంటి కొండల పాదాన కాపురమున్నవారు ఇల్లు విడవవలెనా, వద్దా అన్నది ఆ తేడాపైనే ఆధారపడి ఉన్నది.